గుండెలకు కట్టిన కెమెరా

కోదండపాణికి తను తీసే ఫొటోల మీద గర్వం ఎక్కువ. చంద్రుడి మీద దిగే ఇద్దరిలో ఫొటోలు తీసే మనిషిగా మొదట అనుకున్నది కూడా అతని పేరే. శిక్షణ మైదానంలో దిగిన వారానికే ఆ గర్వం మట్టికొట్టుకుపోయింది.

హెల్మెట్ పెట్టుకుంటే కెమెరాకు కన్ను ఆనించడం కుదరదు. అందుకని దాన్ని గుండెల మీద బిగిస్తారు. పది సెకన్లకోసారి దానంతటదే క్లిక్‌మంటుంది. కోదండపాణి ఎంత వంగి గురి చూసుకున్నా, తోటి వ్యోమగామి సుహాసిని బూట్లు పడుతున్నాయి తప్ప తల పడటం లేదు.

సోమవారం ఆఖరి పరీక్ష. అందులోనూ తలలు తెగితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. శనివారం పొద్దున్నే కెమెరా తీసుకుని చీరాల బస్సెక్కాడు. తనకు పని నేర్పిన ఏసురత్నం మాస్టారి స్టూడియో అక్కడే ఉంది.

ఎనభై దాటిన మాస్టారు పరీక్ష గొడవ పక్కనపెట్టి చంద్రుడి కబుర్లు మొదలుపెట్టారు.

"అక్కడ పగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుందట్రా?"

"అవును మాస్టారూ."

"మరి ఫొటోలో చుక్కలు పడతాయా?"

"పడవు. నేల మీద వెలుతురు మరీ ఎక్కువ."

"అబ్బో! సరే, నువ్వు ఆ అమ్మాయిని తీస్తావు. నిన్నెవరు తీస్తారు?"

"తీసేవాడు ఫొటోలో ఎందుకుంటాడు మాస్టారూ!" అని విసుక్కున్నాడు కోదండపాణి.

మాస్టారు నవ్వి స్టూలు మీద కూర్చున్నారు. "ఏదీ, నన్ను తియ్యి."

కోదండపాణి కెమెరా కట్టుకుని వంగాడు, ఒరిగాడు, గొంతుకూర్చున్నాడు. మాస్టారి లుంగీ పడింది. గోడ మీది క్యాలెండర్ పడింది. ముఖం మాత్రం పడలేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు లేచి ఇంట్లోకి తలుపు తీసి, "కరుణా, ఎవరొచ్చారో చూడు!" అని కేకేశారు.

మాస్టారి భార్య కరుణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పని నేర్చుకున్న ఆరేళ్లూ అతనికి అన్నం పెట్టిన మనిషి. కోదండపాణి గబుక్కున లేచి ఆమె వైపు తిరిగాడు.

"నమస్కారమమ్మా!"

"ఎన్నాళ్లయిందిరా నాయనా! అలా చిక్కిపోయావేం?"

కెమెరా క్లిక్‌మంది. అది అతనికి వినపడలేదు.

మాస్టారు ఆ ఒక్క ఫొటో తెరిచి చూపించారు. నడిమధ్యలో కరుణమ్మ, తల నుంచి పాదాల దాకా, నోరారా నవ్వుతూ. రెండు అంచుల్లోనూ ఇంకా కలవని కోదండపాణి అరచేతులు.

"దీనికి గురి ఎప్పుడు చూశావురా?"

కోదండపాణి ఆ అరచేతుల వంక మళ్లీ చూశాడు. సోమవారం పరీక్షలో వంగి గురి చూడటం మానేసి, సుహాసిని వైపు నిండుగా తిరిగాడు.

ఏడాది తర్వాత చంద్రుడి మీద తీసిన ఫొటో పేపర్లో వచ్చింది. నల్లటి ఆకాశం కింద, బూడిదరంగు నేల మీద సుహాసిని నిండుగా నిలబడి ఉంది. కింద ఆమె పేరొక్కటే వేశారు.

మాస్టారు భూతద్దం తెచ్చుకుని ఫొటో అంచులు వెతికారు. అటొకటి, ఇటొకటి, లావుపాటి తెల్ల గ్లౌజులు.

"కరుణా, ఇలా రా," అని పిలిచారు. "మనవాడు ఫొటోలో ఉన్నాడు."