గూడబాతు గారి వేట నిషేధం

నది సముద్రంలో కలిసే చోట ఉప్పుతిప్ప అనే మడ అడవి ఉంది. అందులో బావురుపిల్లులు, నీటికుక్కలు, లకుముకి పిట్టలు కాపురం ఉండేవి. చలికాలం రాగానే గూడబాతులు వచ్చి వాలేవి. వేసవి మొదలవగానే ఎగిరిపోయేవి.

ఆ అడవికి నాయకుడు పృథుకంఠుడనే గూడబాతు. ఏడాదిలో సగం కనబడనివాడు నాయకుడెలా అయ్యాడని అడగకండి. గొంతు పెద్దది, దాని కింది సంచి ఇంకా పెద్దది. అంతే!

చుక్కమ్మ అనే బావురుపిల్లికి రెండు కూనలు. ఆ ఏడు పొద్దంతా నీళ్ళలో నిలబడినా ఆమెకు ఒక్క చేప దొరకడం గగనమైంది. నీటికుక్కలదీ అదే గోడు. అందరూ పంచాయితీ పెట్టారు.

పృథుకంఠుడు సంచి సవరించుకున్నాడు. "చేపలు పెరగాలంటే వేట ఆపాలి. వేసవి మొదలు వానలు వెలిసేదాకా ఎవరూ నీళ్ళలో పంజా పెట్టకూడదు."

చుక్కమ్మకు ఒళ్ళు మండింది. "అయ్యా, ఆ నెలల్లో మీరసలు ఇక్కడ ఉండరు కదా! చేపలు కడుపుతో ఉండేది చలికాలంలో. ఆపితే అప్పుడే ఆపాలి."

"చలికాలంలో ఆపితే మేమేం తినాలి?"

"మరి వేసవిలో మేమేం తినాలి?"

"నోరు ముయ్యి. నిషేధమంటే నిషేధమే!"

ఆ ఏడు చుక్కమ్మ కూనలు నత్తలు తిని బతికాయి. చలికాలం రాగానే గూడబాతులు దిగి, తల్లి చేపలను సంచులకొద్దీ ఎత్తుకున్నాయి.

"చూశావా, నా నిషేధం ఫలించింది!" అన్నాడు పృథుకంఠుడు. అతని ముక్కుకు ఇంకా చేపగుడ్లు అంటుకునే ఉన్నాయి.

సిగ్గులేనివాడితో మాటలెందుకని చుక్కమ్మ వెనుదిరిగింది. మడ వేళ్ళు అల్లుకున్న ఇరుకు పాయ ఒకటుంది. అందులో గూడబాతు రెక్క పట్టదు. ఆమె నీటికుక్కలనూ లకుముకులనూ అక్కడికి పిలిచింది. "ఇక్కడ చలికాలమంతా వేట లేదు. మీకూ లేదు, నా పిల్లలకూ లేదు" అంది. అందరూ ఒప్పుకున్నారు.

ఒకరోజు పెద్ద కూన, "అమ్మా, ఆ చేప ఎంత లావుందో!" అంటూ దూకబోయింది. చుక్కమ్మ దాని మెడ పట్టి లాగింది.

"అది లావు కాదురా, కడుపుతో ఉంది. వదిలెయ్."

కూన ఆకలికి ఏడ్చింది. చుక్కమ్మ పృథుకంఠుణ్ణి నోరారా తిట్టింది గానీ చేపను ముట్టనివ్వలేదు.

రెండు చలికాలాలు గడిచాయి. పాయ చేపలతో కళకళలాడింది. వేసవిలో కూనలు కడుపునిండా తిన్నాయి. గూడబాతు నిషేధాన్ని ఎవరూ లెక్కచేయలేదు. బయటి నీళ్ళలో మాత్రం గుడ్లు పెట్టే చేపే మిగల్లేదు.

మూడో చలికాలం పృథుకంఠుడు వచ్చి సంచి ముంచితే బురద వచ్చింది. పాయలో తల దూరిస్తే వేళ్ళ మధ్య ముక్కు ఇరుక్కుంది. ఎలాగో పీక్కున్నాడు.

"చుక్కమ్మ తల్లీ, ఒక్క చేప!"

"ఇది నిషేధకాలం, నాయకా" అంది చుక్కమ్మ. "వేసవిలో రండి."

గూడబాతులు ఖాళీ సంచులతో ఎగిరిపోయాయి. ఉప్పుతిప్ప మళ్ళీ ఆ జాతివాణ్ణి నాయకుడిగా పెట్టుకోలేదు.

నీతి: వేట ఎప్పుడు ఆపాలో చేప కడుపును చూసి నిర్ణయించాలి, నాయకుడి పొట్టను చూసి కాదు.