ఊ కొట్టని స్వామి

మఠం బడిలో పాఠాలు చెప్పే ఏలేశుడికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

కొండూరి పిల్లలూ ఏటిగడ్డ పిల్లలూ మఠం బడిలో ఒకే చాప మీద కూర్చోవడం ఈ ఏడే మొదలైంది. వాళ్ల తాతల కాలంలో ఆ రెండూళ్లూ యుద్ధం చేసుకున్నాయి. కాలిన ఇళ్ల మొండిగోడలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ యుద్ధం ఎలా మొదలైందో పిల్లలకు చెప్పే పాఠం రేపే. వినడానికి రెండూళ్ల పెద్దలూ వస్తామని కబురు పెట్టారు. మాట తేడా వస్తే పిల్లల్ని మాన్పించేస్తామని కూడా అన్నారు.

పాపం, ఏలేశుడు మూడు పాఠాలు తయారుచేసుకున్నాడు. ఒకటి కొండూరికి నచ్చేది, ఒకటి ఏటిగడ్డకు నచ్చేది. మూడోది గోడ మీద పిల్లి వాటం. ఏది చెప్పినా బడి మూతపడేలాగే ఉంది.

సాయంత్రం గురువు చిద్గిరిస్వామి దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు. స్వామి వెళ్లి పిల్లల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు నాయనా. నేను ఊ కొడతాను."

ఏలేశుడు గొంతు సవరించుకున్నాడు. "కొండూరివాళ్లు ఏటికి అడ్డకట్ట కట్టారు. అందుకని ఏటిగడ్డవాళ్లు కత్తులు పట్టారు."

స్వామి ఊ కొట్టలేదు. ఊ కొట్టేవాళ్లు లేకపోతే ఎంత గొప్ప కథైనా ముందుకు సాగదు. ఏలేశుడు కాస్త వెనక్కి వెళ్లాడు.

"అంతకు ముందు ఏటిగడ్డవాళ్లు కొండూరి పశువుల్ని బందెలదొడ్లో పెట్టి మాడ్చారు. అందుకని వీళ్లు అడ్డకట్ట కట్టారు."

ఊ లేదు.

"అంతకు ముందు ఆ పశువులు ఏటిగడ్డ చేలల్లో పడి మేశాయి. అందుకని..."

స్వామి రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఏలేశుడికి ఒళ్లు మండింది.

"అంతకు ముందు ఏం జరిగిందో నాకు తెలియదు స్వామీ!"

"ఊఁ," అన్నాడు స్వామి.

మర్నాడు బడి నిండిపోయింది. ఒకవైపు కొండూరి పెద్దలు, ఇంకోవైపు ఏటిగడ్డ పెద్దలు, మధ్యలో పిల్లలు, ఏలేశుడి వెనక గోడ దగ్గర స్వామి. ఆ యుద్ధంలో ఇద్దరన్నల్ని పోగొట్టుకున్న ఏటిగడ్డ నాంచారమ్మ కర్ర పట్టుకుని ముందు కూర్చుంది.

ఏలేశుడు లేచాడు.

"ఈ యుద్ధం ఎక్కడ మొదలైందో నాకు తెలియదు. తెలిసినంత వెనక్కి వెళ్లి చెబుతాను. అంతకు ముందు సంగతి ఎవరికైనా తెలిస్తే, ఏ ఊరివాళ్లైనా సరే, నన్ను ఆపి చెప్పండి."

ఎవరూ కదల్లేదు. బడి పోయినట్టే అనుకున్నాడు ఏలేశుడు.

"ఊఁ," అంది నాంచారమ్మ.

కాసేపటికి కొండూరి వైపు నుంచి ఒక ముసలాయన, ఇష్టం లేనట్టే, "ఊఁ" అన్నాడు. ఆ వెంటనే పిల్లలంతా గొంతు కలిపారు. అందులో ఏ ఊరి ఊ ఏదో తెలియలేదు.

ఏలేశుడికి ప్రాణం లేచొచ్చింది. కానీ స్వామి గొంతు ఒక్కటే వినబడలేదు. కంగారుగా వెనక్కి చూశాడు.

గోడకు చేరగిలబడి ఆయన హాయిగా నిద్రపోతున్నాడు.