రెండు వేల జౌల్స్

జాఫర్ ఒళ్లు మండిపోతోంది. మండదా మరి! పీర్ల పండుగ పాటలు తెలిసిన ముసలివాళ్ల కోసం ఊరూరా తిరిగి, బతిమాలి పాడించుకుని, అన్నీ కొండ మీది సూఫీ మఠంలోని కంప్యూటర్లో దాచాడు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. నిన్న సాయంత్రం పిడుగు పడి కంప్యూటరు మాడిపోయింది. దాంతోపాటే పాటలూ పోయాయి.

కంప్యూటరు తగిలించిన సర్జ్ ప్రొటెక్టర్ బోర్డును పీకి, చేత పట్టుకుని గురువు పీర్ సాహెబ్ గదిలోకి దూసుకొచ్చాడు.

"వీళ్లు మనుషులేనా, హజ్రత్? కరెంటు ఒక్కసారిగా ఎగదన్నితే ఇది మింగేస్తుందట! రెండు వేల జౌల్స్ శక్తి మింగుతుందని అట్టపెట్టె మీద ఇంతింత అక్షరాలు! దొంగ వెధవలు. ఇప్పుడే టౌనుకు పోయి ఆ షాపువాణ్ని నిలదీస్తాను."

పీర్ సాహెబ్ జపమాల పక్కన పెట్టారు.

"రెండు వేలంటే ఒక్క దెబ్బకా, మొత్తానికా?"

"మొత్తానికే. దెబ్బ తగిలినప్పుడల్లా కొంత తరుగుతుంది. ఆ మాత్రం నాకు తెలీదా?" జాఫర్ గొంతు ఇంకా లేచింది. "అంతా తరిగిపోతే కరెంటు వస్తూనే ఉంటుంది గానీ కాపాడే పని ఆగిపోతుంది. అప్పుడు పచ్చ లైటు ఆరిపోతుందని వాళ్లే రాశారు. ఆరి ఉంటే కొత్తది తెచ్చేవాణ్ని కాదా?"

గురువు బోర్డును ఒళ్లో పెట్టుకున్నారు. దాని మూలన నల్ల టేపు ముక్క, దుమ్ము పట్టి ఉంది.

"ఇదెవరు అంటించారు, బేటా?"

"నేనే. చీకట్లో జపానికి కూర్చుంటే ఆ లైటు కళ్లలో గుచ్చుకుంటోందని..."



పీర్ సాహెబ్ గోటితో గీకి టేపు ఊడదీశారు. బోర్డును గోడకు తగిలించి, టేబుల్ ఫ్యాను ప్లగ్గు అందులో పెట్టారు. ఫ్యాను తిరిగింది. టేపు కింది లైటు మాత్రం వెలగలేదు.

"ఎప్పుడు ఆరింది?"

నిన్న ఆరిందో, పోయినేడే ఆరిందో. జాఫర్ కోపం మాత్రం దిగలేదు. అన్నాళ్లు తిరిగి కూడబెట్టిన పాటలు, ఎలా దిగుతుంది?

"అయినా సరే, ఆ షాపువాణ్ని అడగాల్సిందే," అంటూ బోర్డు పీకి తీసుకున్నాడు.

"అడుగు," అన్నారు పీర్ సాహెబ్. టేపు ముక్కను అతని అరచేతిలో పెట్టారు. "ఇది కూడా చూపించు."