నెల్లూరులో పిలవని హాజరు

ఇంతవరకూ ఎవరి ముందూ పైకి అనని మాట ఒకటి ఉంది. హిమజ ఫ్రీ త్రో గీత మీద నిలబడ్డ ప్రతిసారీ నా చేతులు కూడా ఒళ్ళోంచి లేచేవి. ఆమె మోకాళ్ళు వంచితే నావీ వంగేవి. బంతి ఆమె వేళ్ళు దాటిపోయాక కూడా నా వేళ్ళు కాసేపు గాలిలోనే ఉండిపోయేవి. చప్పట్లు కొట్టబోతోంది కాబోలు అనుకునేవారు పక్కవాళ్ళు. నేనూ అలాగే అనుకోనిచ్చేదాన్ని. నిజానికి ఆ గీత మీద నిలబడి ఉన్నది నేనే. పుట్టి బుద్ధెరిగి ఆ బంతిని ఒక్కసారైనా ముట్టుకోని నేను, పదో తరగతితో బడి మానేసి చీరలకు ఫాల్స్ కుట్టుకుంటున్న నేను.

చీరాలలో ఆడపిల్లల కాలేజీ ప్రహరీకి ఎదురుగా మా పికో షాపు. ప్రహరీ పొట్టిది కాబట్టి మిషను ముందు కూర్చుంటే బాస్కెట్‌బాల్ కోర్టు సగం కనిపిస్తుంది. మిగతా సగం కోసం సాయంత్రం షాపు మూసేసి లోపలికి వెళ్ళడం అలవాటైంది. ఆట నియమాలు లైబ్రరీ పుస్తకం చూసి కొన్ని, పక్కన కూర్చున్నవాళ్ళ ప్రాణాలు తీసి కొన్ని నేర్చుకున్నాను. పోనుపోను జెర్సీల మీద నంబర్లు కుట్టే పని కూడా నాకే వచ్చింది. కెప్టెన్ హిమజ తన పదకొండో నంబరు తెచ్చిచ్చిన రోజున, "గట్టిగా కుట్టక్కా, అది ఊడితే నేనూ ఊడిపోతా" అని నవ్వింది. కుట్టడం అయ్యాక చెప్పమని ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది. అది ఇప్పటికీ నా ఫోనులో 'పదకొండు' అన్న పేరుతోనే ఉంది.

ఆ కాలేజీలో పిల్లలకు ఆట నేర్పి రిటైరైన పీడీ కరుణామణి మేడమ్ రోజూ సాయంత్రం కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. మెట్ల మీద కూర్చునే మాలాంటి అభిమానులకు కూడా ఆవిడే గురువు. ఏం అడిగినా నేరుగా జవాబు చెప్పరు. "చెప్పులు విప్పు" అంటారు. చెప్పులతో కోర్టులో అడుగు పెట్టనివ్వరు కాబట్టి, ఆ మాట వినబడిందంటే జవాబు కోర్టులోకి దిగి వెతుక్కోవలసిందేనని మాకు తెలుసు. ఒకసారి ఒక తండ్రి వచ్చి, మా అమ్మాయి పొట్టిది కదా, ఈ ఆటకు పనికొస్తుందా అని అడిగాడు. మేడమ్ ఆయన చెప్పులు విప్పించి, కూతురి చేతిలో బంతి పెట్టి, లాక్కోమన్నారు. ఆయన చొక్కా తడిసిపోయింది గానీ బంతి చేతికి రాలేదు. మర్నాటి నుంచి ఆ పిల్లను ఆయనే సైకిలు మీద తెచ్చి దింపేవాడు.

మా మెట్ల మీద ముఖ్యులు ఇద్దరు. పానకాలు బాబాయి ఆర్టీసీలో కండక్టరుగా చేసినాయన, కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతు ఆయనది. షంషాదక్క గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతుంది. ఆట మొదలైతే తట్ట మీద గుడ్డ కప్పేసి వచ్చేస్తుంది. మాకొక ఆచారం ఉంది. ఆట అయ్యాక పిల్లలు గేటు వైపు నడిచే దారికి రెండు పక్కలా నిలబడతాం. బాబాయి ఒక్కొక్కరి పేరూ బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తారు. పిల్ల "ప్రెజెంట్!" అనాలి. గట్టిగా అనకపోతే షంషాదక్క పొట్లం చేతిలో పెట్టదు. చెమటతో, ఆయాసంతో, నవ్వుతో వాళ్ళు ఆ మాట అంటూ మా మధ్య నుంచి వెళ్ళేవాళ్ళు. ఆ దారిలో నిలబడ్డ కాసేపు నేనూ ఏదో ఒక జట్టులో ఉన్నట్టే ఉండేది.

ఈ ఏడు మా పిల్లలు కాలేజీల రాష్ట్రపోటీ ఫైనల్ దాకా వెళ్ళారు. ఫైనల్ నెల్లూరులో. వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. మోకాళ్ళ నొప్పి వల్ల మేడమ్ రాలేకపోయారు. చివరి క్షణాల్లో మనవాళ్ళు ఒక్క పాయింటు వెనక, బంతి హిమజ చేతిలో, ఎవరూ అడ్డురాకుండా గీత మీంచి వేసే రెండు ఫ్రీ త్రోలు. ఒకటి పడితే సమానం, రెండూ పడితే కప్పు. ఒక్కటీ పడలేదు.

ఆ తరవాత సెలవులు వచ్చాయి. కోర్టులో బంతి చప్పుడు ఆగిపోయింది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆ చప్పుడు వినబడిందేమోనని ఆగేదాన్ని. ఎక్కడో ఎవరో తలుపు కొడుతుండేవారు, అంతే. ఫైనలియర్ పిల్లలు ఇక రారు, అది ముందే తెలుసు. కానీ హిమజ సంగతి వేరు. రాష్ట్ర జట్టు ఎంపిక వచ్చే వారమే, ఆమె సాధన చేయాలి. వేటపాలెంలో వాళ్ళింటికి కబురు పంపితే, బూట్లు అటక మీద పెట్టేసిందనీ, మేనమామ జీడిపప్పు షాపులో కూర్చుంటోందనీ, బంతి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతోందనీ వాళ్ళమ్మ చెప్పి పంపింది. ఆ ఎంపికకు రాకపోతే ఇక ఎప్పటికీ రాదని మా అందరికీ తెలుసు. నేను రోజూ ఫోనులో 'పదకొండు' దాకా వెళ్ళేదాన్ని. వేలు ఆగిపోయేది. ఏమని చెయ్యను?

పిల్లలు లేకపోయినా మేం మెట్ల మీదికి వెళ్ళడం మానలేదు. ఖాళీ కోర్టును చూస్తూ అదే ఆటను మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళం.

"రెండో త్రోకి ముందు బంతి నేలకి కొట్టలేదు ఆ పిల్ల. ఎప్పుడూ కొడుతుంది. అక్కడే పోయింది" అన్నారు బాబాయి ఆ సాయంత్రం.

"నువ్వెప్పుడు చూశావు? కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామికి దండాలు పెడుతున్నావుగా!" అంది షంషాదక్క.

"ఒక కన్ను తెరిచే ఉంచాను."

"అదీ సంగతి! సగం దండం పెడితే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"

బాబాయి నవ్వలేదు. అక్క కూడా తన మాటకు తనే నవ్వలేక తట్ట మీద గుడ్డ సర్దుకుంది. అప్పుడు నేను మేడమ్‌ను అడిగేశాను. "మేడమ్, ఓడిపోయిన మనిషితో ఏం మాట్లాడాలి?"

మేడమ్ నా వైపు చూసి, ఎప్పుడూ లేనిది, ఎదురు ప్రశ్న వేశారు. "ఆ రోజు ఆటయ్యాక మీరేం చేశారు?"

"వెళ్ళిపోయాం మేడమ్" అన్నాను. "పిల్లలు ఏడుస్తూ వస్తారు, అప్పుడు మన మొహాలు వాళ్ళకు చూపించకూడదని అక్క అంది. నిజమే అనిపించింది. మర్యాదగా ముందే వెళ్ళి వ్యానులో కూర్చున్నాం. కర్టెన్లు కూడా వేసేశాం."

"వాళ్ళు బయటికి రావడం ఎవరైనా చూశారా?"

నేనే చూశాను, కర్టెను సందులోంచి. జట్టు మొత్తం ఒక్కటిగా గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర నడక నెమ్మదించింది. హిమజ ఇటు చూసింది, అటు చూసింది. తరవాత బూటు లేసు కట్టుకోవడానికన్నట్టు కిందికి వంగింది. లేసు ఊడలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను అప్పుడు. ఇదంతా మేడమ్‌కు చెప్పాను. విని ఆవిడ అన్నారు.

"చెప్పులు విప్పు."

ఎండ దిగిపోయినా కోర్టు నేల ఇంకా వెచ్చగానే ఉంది. మేడమ్ కుర్చీ కింద ఉన్న పాత బంతిని నా వైపు దొర్లించారు. ఇన్నేళ్ళుగా చూస్తున్న వస్తువు. అంత బరువు ఉంటుందనుకోలేదు, అంత గరుకుగా ఉంటుందనీ అనుకోలేదు. ఫ్రీ త్రో గీత మీద నిలబడమన్నారు. నిలబడ్డాను. అక్కడి నుంచి రింగు, మెట్ల మీంచి చూసినప్పటికంటే చాలా దూరంగా ఉంది.

"వెయ్యి."

హిమజ వేసినట్టే మోకాళ్ళు వంచాను. బంతి రింగు దాకా కూడా వెళ్ళలేదు. మధ్యలోనే చతికిలబడి, పక్కనున్న తులసి కుండీకి తగిలింది.

"రైట్ రైట్! బంతి బాపట్లలో దిగింది, రింగేమో ఒంగోల్లో ఉంది!" అని బాబాయి కేక పెట్టారు.

"దిష్టి తీయండమ్మా మా నీలవేణికి! చూసి చూసి నేర్చుకున్న ఆట ఇదేనా తల్లీ?" అక్క పొట్ట పట్టుకుని నవ్వుతూనే పరిగెత్తి బంతి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మోచెయ్యి లోపలికి పెట్టు, ఇలా" అని తను కూడా గాల్లో వేసి చూపించింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా నవ్వు ఆగలేదు. సెలవులు వచ్చాక ఆ కోర్టులో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"పాపం, పిల్ల సిగ్గుపడుతోంది" అన్నారు మేడమ్. "ఇంకోసారి వేస్తుంది. మీరిద్దరూ మర్యాదగా అటు తిరగండి."

మేడమ్ మాట కాదనలేక ఇద్దరూ గోడ వైపు తిరిగారు. మేడమ్ కూడా మొహం పక్కకు తిప్పుకున్నారు. బాబాయి చొక్కా వెనక చెమట మరక, అక్క కొప్పు, మేడమ్ తెల్లజుట్టు తప్ప నాకేమీ కనిపించలేదు. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. అక్క చెప్పినట్టు మోచెయ్యి లోపలికి పెట్టి విసిరాను. బంతి బోర్డుకు కొట్టుకుని, రింగు మీద ఒకసారి ఆడి, లోపలికి దిగింది. వల కదిలింది.

పడింది! నేను వేసిన బంతి పడింది. చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఎవరి వైపు తిరగాలో తెలియలేదు. బంతి కింద పడి, ఎగిరి, చిన్నగా ఎగిరి, దొర్లుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయింది. నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. తిరిగి వచ్చేసరికి కూడా వాళ్ళు అలాగే గోడను చూస్తూ నిలబడి ఉన్నారు. అంత కావాలనుకున్నది దొరికిన చోట అంత ఖాళీ ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

మేడమ్ నెమ్మదిగా ఇటు తిరిగారు. "రెండింటిలో ఏది మళ్ళీ కావాలి నీకు?"

ఆలోచించవలసిన అవసరం లేకపోయింది. "మొదటిది మేడమ్."

"అది పడలేదుగా?"

"పడలేదు."

గోడ వైపే నిలబడ్డ బాబాయి, వెనక్కి తిరక్కుండానే, ఆ గొంతేనా ఇది అనిపించేంత మెల్లగా అన్నారు. "మేడమ్ గారూ, ఆ హాజరు పిలవడం మనం మొదలుపెట్టింది కూడా ఓడిన రోజునే. గుంటూరు పిల్లల చేతిలో చిత్తుగా ఓడి తలలు వంచుకుని వస్తుంటే, ఏం అనాలో తెలియక పిలిచాను."

"ఇప్పుడు గుర్తొచ్చిందా ముసలాయనా?" అంది షంషాదక్క. తిట్టబోయిన గొంతు మధ్యలోనే తడిసిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, "నీ నోరు మూయించింది నేనేలే" అంది.

బంతి తెచ్చి మేడమ్ కుర్చీ కింద పెట్టాను. అరచేతులకు దాని దుమ్ము అంటుకుంది, దులుపుకోబుద్ధి కాలేదు. వేటపాలెంలో ఈ వేళకు షాపు ముందు దీపం వెలిగించి ఉంటారు. ఆ దీపం కింద కూర్చుని వీధి వైపు ఇటు చూసి, అటు చూసి, తల వంచుకున్న మనిషి ఒకరు నా కళ్ళకు కట్టినట్టు కనిపించారు. ఫోను తీశాను. 'పదకొండు' దగ్గర ఈసారి వేలు ఆగలేదు గానీ, నొక్కబోయే ముందు మళ్ళీ పాత భయమే వచ్చింది.

"చేస్తాను మేడమ్, ఇప్పుడే చేస్తాను" అన్నాను. "కానీ ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు."

బాబాయి, అక్క అప్పటికే నాకు చెరో పక్కన వచ్చి నిలబడ్డారు, దారికి రెండు పక్కలా నిలబడినట్టే. మేడమ్ నా కాళ్ళ వైపు చూసి, చెప్పులు వేసుకోమని సైగ చేశారు.

"పేరు పిలు. జవాబు ఆ పిల్ల చూసుకుంటుంది."