మువ్వల పట్టెడ ఎవరిది?

జొన్న కోసిన చేలో ఏటా పశువులకు మొద్దులాగుడు పందెం జరుగుతుంది. తన మొద్దుతో ఎవరు ముందుగా సున్నపు గీత దాటితే వాళ్ళ మెడలో ఏడాదిపాటు మువ్వల పట్టెడ. నాలుగేళ్ళుగా అది దున్నపోతు కర్రెయ్య మెడలోనే ఉంది. ఊరికే మెడ కదిపి ఆ మువ్వలు విని మురిసిపోయే రకం అతను.

ఈసారి పందానికి ధవళుడు వచ్చాడు. ఊరూరా బండలాగుడు పోటీలు గెలవడమే పనిగా పెరిగిన కోడె. ఒళ్ళు నున్నగా మెరిసిపోతోంది. గేదెలన్నీ నెమరు ఆపి మరీ వాడివైపు చూశాయి. కర్రెయ్యకు కడుపు మండిపోయింది.

"వాడు మనతో లాగడమేమిటి?" అన్నాడు అందరి ముందూ. "వాడికి రోజూ ఉలవలు, కోడిగుడ్లు. లాగడమే వాడి ఉద్యోగం. మనం పొద్దంతా దుక్కి దున్ని, మిగిలిన ఓపికతో లాగేవాళ్ళం. ఇది న్యాయమేనా?"

మాట న్యాయంగానే ఉంది. కానీ నాలుగేళ్ళుగా గాడిద మీదా ముసలెద్దు మీదా గెలుస్తున్నప్పుడు ఆ న్యాయం అతనికి గుర్తు రాలేదు.

"సరదాకే మావా," అన్నాడు ధవళుడు నెమ్మదిగా. "పుట్టినప్పటినుంచీ పోటీలే. నలుగురితో కలిసి ఆడింది లేదు."

"ఆడనీయండి పాపం," అంది గాడిద మంగమ్మ. "ఓడిపోవడం నాకేం కొత్త కాదుగా."

అందరూ సరేనన్నారు. కర్రెయ్య మాత్రం పందానికి పెద్దగా కూర్చునే నక్కను పక్కకు పిలిచాడు.

"ఈ పట్టెడ వాడి మెడలో చూస్తే నేను బతకలేను."

"దిగులెందుకన్నా? బండలాగుడులో జెండా దాకా లాగి వెనక్కి తిరగాలి, మళ్ళీ లాగాలి. వాడికి అదే అలవాటు. గీతకు కాస్త ముందే ఓ జెండా పాతుతాను. తర్వాత తమాషా చూడు."

నక్క ఊళ పెట్టింది. మొద్దులు కదిలాయి. ధవళుడు అందరినీ దాటి దూసుకుపోయాడు. కర్రెయ్య వాడి వీపునే చూస్తూ పళ్ళు బిగించి లాగాడు. జెండా రాగానే ధవళుడు టక్కున వెనక్కి తిరిగి, వచ్చిన దారినే మొద్దు లాగసాగాడు. చేనంతా గొల్లున నవ్వింది.

కర్రెయ్య జెండా దాటాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే గీత. కానీ అంత మెరిసే మొహం వాడిపోతుంటే చూడకుండా ఎలా? ఆగి మెడ తిప్పాడు.

"ఏరా పోటీల వీరుడా, ఎటు పోతున్నావ్?"

ధవళుడు తనమీద తనే నవ్వుకున్నాడు. "పాడు అలవాటు మావా."

ఆ నవ్వు చూసి కర్రెయ్యకు మరీ మండింది. వాడు ఏడిస్తేగానీ తన కళ్ళు చల్లబడవు. నిలబడి ఇంకో నాలుగు మాటలు అన్నాడు, వాడి కొమ్ముల్నీ తిండినీ కూడా వదల్లేదు.

ఈలోగా మంగమ్మ ఎవరివంకా చూడకుండా, తన మొద్దు తను ఈడ్చుకుంటూ గీత దాటేసింది.

నక్క వచ్చి కర్రెయ్య మెడలోని పట్టెడ విప్పింది. "అదేమిటి, నువ్వు నా పక్షం కాదూ?" అన్నాడు కర్రెయ్య.

"నీ పక్షమే అన్నా. వాణ్ణి ఆపడం నా వంతు, గీత దాటడం నీ వంతు."

ఎదుటివాడి ఓటమి చూడ్డానికి ఆగినవాడికి తన గెలుపు దక్కదు.