నాలుగున్నర అడుగుల పొలం

హైమావతికి వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆమె గీసిన పటంలో మూడు వందల పన్నెండు తప్పులున్నాయని కంప్యూటర్ చెప్పింది.

గరుగుపేట అనే ఊరి పొలాల పటం అది. డ్రోన్ పైనుంచి తీసిన ఫొటోల్ని తెర మీద పరిచి, వాటి మీద పాత చేతిపటాన్ని సరిపెట్టి, ఒక్కో పొలం అంచునీ మౌస్‌తో గీసుకుంటూ రావాలి. హైమ నెలన్నర గీసింది. ఎంత జాగ్రత్తగా గీసినా ఒక పొలం గీతా, పక్క పొలం గీతా అచ్చంగా కలవవు. మధ్యలో దారప్పోగుల్లాంటి సన్నటి ముక్కలు మిగిలిపోతాయి. ఆ పని చేసేవాళ్ళు వాటిని చీలికలంటారు. చీలిక కనబడిన చోటల్లా కంప్యూటర్ ఒక ఎర్ర చుక్క పెడుతుంది. గరుగుపేట పటం నిండా తట్టు పోసినట్టు ఎర్ర చుక్కలే.

ఒక్కో చుక్కనీ తెరిచి చూసి, అది గీతలో వచ్చిన తేడానో, నిజంగా నేల మీద ఉన్నదో తేల్చుకుని, అప్పుడు సరిచేయాలి. దాలినాయుడు మాస్టారు నేర్పిన పద్ధతి అది.

మాస్టారు ముప్పై నాలుగేళ్ళు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన సర్వేయరు. రిటైరయ్యాక మనవడి వయసు కుర్రాళ్ళ పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. ఇప్పుడు విజయనగరం శివార్లలో ఒక రైస్‌మిల్లు మేడ మీద ఎనిమిది కంప్యూటర్లు పెట్టి, పటాలు గీయడం నేర్పుతున్నారు. ఊళ్ళ పటాల పని ఒప్పుకుని శిష్యుల చేతే చేయిస్తారు. ఆయన నేర్పేది తక్కువ, తిప్పేది ఎక్కువ అని శిష్యుల ఫిర్యాదు. ఎండలో తిరిగొచ్చి మరీ కంప్యూటర్ ముందు కూర్చోవడమేమిటని వాళ్ళ బాధ.

ఆ శిష్యుల్లో చురుకైనది హైమ. ఇంజనీరింగులో మెడల్ తెచ్చుకున్న పిల్ల. మోకాలి వైద్యానికి విశాఖపట్నం వెళ్తూ, మూడు వారాలు బడి నువ్వే చూసుకోమని మాస్టారు ఆమెకే అప్పజెప్పారు.

మూడు వందల పన్నెండు చుక్కల్ని తెరిచి చూసే ఓపిక హైమకు లేదు. తెలివి ఉంది. తెలివున్నవాళ్ళకి ఓపికతో పనేమిటి అనుకునే వయసు కూడా ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక వెసులుబాటుంది. ఇంత వెడల్పుకంటే సన్నగా ఉన్న ముక్కలన్నిటినీ పక్క పొలంలో కలిపెయ్ అంటే కలిపేస్తుంది. హైమ రెండు మీటర్లు అని వేసింది. అంతకంటే సన్నటి పొలం ఎవరికుంటుంది? మీట నొక్కి, టీ తెచ్చుకుని వచ్చేలోపల ఎర్ర చుక్కలన్నీ మాయమయ్యాయి. తప్పులు సున్నా అని తెర మీద వచ్చింది.

ఆ రోజు ఆమె కాలు నేల మీద నిలవలేదు. తోటివాళ్ళందరినీ పిలిచి చూపించింది. మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది. అంత తొందరగానా అన్నారాయన. ఇంకేదో అడగబోతుంటే అవతల డాక్టరు పిలిచినట్టున్నాడు, ఫోన్ పెట్టేశారు. హైమ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

పటం గరుగుపేట వెళ్ళింది. అక్కడి గ్రామ సచివాలయం గోడకి అంటించారు. పక్కనే పొలాల సొంతదారుల జాబితా కూడా పెట్టారు. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. ఆ తర్వాత అదే ఖాయం.

తొమ్మిదో రోజున ఒక ముసలామె మేడ మెట్లెక్కి వచ్చింది. పేరు సన్యాసమ్మ. గోడ మీది జాబితాలో తన పేరు లేదని ఎవరో చదివి చెప్పారట. సచివాలయంలో అడిగితే, పటం గీసినవాళ్ళని అడగమని ఇక్కడికి పంపారట.

హైమ చెడ్డ పిల్ల కాదు. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, పటం తెరిచి ఓపిగ్గా చూపించింది. సన్యాసమ్మ చెప్పిన చోట రెండు వరి పొలాలున్నాయి. వాటి మధ్య ఒక గీత ఉంది. ఇంకో పొలం లేదు. ఆ మాటే చెప్పింది. ముసలామె తెర వంక చాలాసేపు చూసి, అలాగా తల్లీ అని లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ కుర్చీ, మంచినీళ్ళు, అదే జవాబు. మూడోసారి వచ్చినప్పుడు హైమ ఆ చోటుని పెద్దది చేసి చూపించి, ఇది ఆకాశం నుంచి తీసిన ఫొటో మామ్మా, ఇందులో అబద్ధం ఉండదు అంది. ఆమె మెట్లు దిగాక, పాపం మతి తప్పినట్టుంది అని పక్కవాళ్ళతో అంది కూడా. తర్వాత ఎన్నాళ్ళకైనా ఆ మాట గుర్తొస్తే హైమకి కూర్చున్న చోట తల వాలిపోయేది.

నాలుగోసారి ఆమె వచ్చేటప్పటికి మాస్టారు తిరిగొచ్చేశారు. అది గడువుకి ఆఖరి రోజు. మాస్టారు చేతికర్ర గోడకి ఆనించి, సన్యాసమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె చెప్పినదంతా విన్నారు. పక్క పొలం రైతు ఎల్లుండి ట్రాక్టర్ పెట్టి మొత్తం దున్నేస్తానన్నాడట. కాయితం ప్రకారం అది తనదేనన్నాడట. ఆ ముక్క పోతే తనకి తిండి లేదని చెప్పి ఆమె ఆగిపోయింది. ఏడవలేదు.

మాస్టారు ఒక తెల్లకాగితం తీసి హైమ ముందు పెట్టారు.

"ఆవిడకి రాయడం రాదు. అర్జీ నువ్వు రాయమ్మా. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి."

హైమకి అప్పటికే అనుమానం మొదలైంది. రాయబోతూ, పాత చేతిపటం ఒక్కసారి తెరిచి ఆ చోటు చూసింది. ఉంది. రెండు పొలాల మధ్య సన్నగా, పొడుగ్గా, పక్కన చిన్న అంకెతో సహా ఉంది. వెడల్పు మీటరున్నర కూడా లేదు. తను మీట నొక్కి కలిపేసిన చీలికల్లో అదొకటి.

తలకొట్టేసినట్టయింది ఆమెకి. ఎవరూ చూడకుండా ఇప్పుడే సరిచేసేస్తే అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. కానీ పటం ఆమె చేతిలో లేదు, గరుగుపేట గోడ మీద ఉంది. అర్జీ పడితే తప్ప కదలదు. మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి కింద బస్తాలు మోసేవాళ్ళని చూస్తున్నారు. ఆయనకి తెలిసిపోయిందో లేదో ఆమెకి తెలియలేదు.

సన్యాసమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ముగ్గురన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు పెద్దవాళ్ళిద్దరూ వరి పొలాలు తీసుకోగా, ఆమె మొగుడికి వాటి మధ్య ముక్క మిగిలింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. పెద్దవాళ్ళ పొలాలు అమ్ముడై చేతులు మారాయి గానీ, ఈ ముక్క ఆమె ఎవరికీ ఇవ్వలేదు. హైమ ఇవన్నీ రాస్తోంది. ఆమె తరఫున "నా పొలం" అని రాయాల్సి వచ్చిన ప్రతిచోటా చెయ్యి ఆగుతోంది.

తప్పు ఎలా జరిగిందని రాయమంటావు మామ్మా అని అడిగింది చివరికి. తలెత్తకుండానే అడిగింది.

"ఎవురినీ ఏటీ అనొద్దమ్మా. మిషను తప్పు సేసుంటాది. దానికేటి తెలుస్తాది పాపం. నువ్వు మంచిదానివని కూడా రాయి. వొచ్చినప్పుడల్లా కుర్సీ ఏసి, మంచినీళ్ళిచ్చినావు."

తిట్టినా బాగుండేది. నాలుగు శాపనార్థాలు పెట్టినా హైమ ఓర్చుకునేది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు కాబట్టి మిషను తప్పు అని రాసింది. ఆ రెండు మాటలకి పట్టినంత సేపు మిగతా అర్జీ అంతటికీ పట్టలేదు. తన మంచితనం గురించి మాత్రం రాయడానికి చెయ్యి రాలేదు.

కింద సన్యాసమ్మ వేలిముద్ర వేసింది. పక్కన సాక్షి సంతకానికి చోటు మిగిలింది. హైమ గబగబా కలం అందుకుంది. ఆ ఒక్క సంతకంతోనైనా గుండెల మీద బరువు దిగుతుందేమోనని ఆమె ఆశ.

మాస్టారు కాగితం వెనక్కి తీసుకున్నారు.

"సాక్షి అంటే చూసినవాళ్ళమ్మా," అన్నారు.

రెండింటి బస్సుకి ముగ్గురూ గరుగుపేట బయల్దేరారు. సన్యాసమ్మ హైమ పక్కనే కూర్చుని, ఏ ఊరు, అమ్మానాన్నలేం చేస్తారు, అన్నం తిన్నావా అని దారి పొడవునా అడుగుతూనే ఉంది. హైమ ముక్తసరిగా జవాబులిచ్చింది. ఆమె వైపు తిరగడానికి ముఖం చెల్లక బస్సు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

ఊరు దాటి, కాలవ గట్టు దిగి నడిచారు. మాస్టారు కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చారు. రెండు పక్కలా వరి, మధ్యలో కనకాంబరాలు. ఈ చివర్నుంచి ఆ చివరికి రెండే వరసలు. వాటి మధ్య మనిషి ఒక్కరు పట్టేంత దారి. డ్రోన్ ఎగిరిన రోజున పూలన్నీ కోసేసి ఉంటారు. పైనుంచి గడ్డి మొలిచిన గట్టులా కనిపించి ఉంటుంది.

"ఆ చివరిదాకా నడిచి రా," అన్నారు మాస్టారు.

హైమ చెప్పులు విడిచి నడిచింది. ప్రతి మొక్క మొదట్లోనూ తడి ఉంది. ఎవరో ఒక్కొక్కదానికీ విడివిడిగా నీళ్ళు పోసిన తడి అది. ఆ చివర ఒక సొట్టల బిందె బోర్లించి ఉంది. కాలవ దగ్గర్నుంచి ఇక్కడికి రోజుకెన్ని బిందెలు మోస్తుందో అడగాలనిపించింది గానీ, అడిగే అర్హత తనకెక్కడిది అనిపించింది. వెనక్కి వస్తుంటే మిగతా మూడు వందల పదకొండు గుర్తొచ్చాయి. వాటిలో గీతలెన్నో, పొలాలెన్నో ఆమెకి తెలియదు. ఒక్కటీ తెరిచి చూడలేదు.

మాస్టారు టేపు తీసి ఒక కొస హైమకీ, రెండో కొస సన్యాసమ్మకీ ఇచ్చారు. పొలానికి అడ్డంగా పట్టుకోమన్నారు. నాలుగున్నర అడుగులు. చెయ్యి చాపితే ఒకరికొకరు అందేంత దగ్గర్లో ఎదురెదురుగా నిలబడ్డారు ఇద్దరూ. ఇంక కిటికీ వైపు తిరగడానికి లేదు. హైమ ఆమె ముఖంలోకి చూసింది.

"మిషను కాదు మామ్మా. నీ పొలం తీసేసింది నేనే."

సన్యాసమ్మ టేపు కొస వదలకుండానే ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆమెకి నిజంగానే అర్థం కాలేదు.

"ఇయ్యాలే గదా తల్లీ ఈ మట్టిమీద కాలెట్టినావు. రాకుండా ఎలాగ తీసినావు?"

హైమ నోరు తెరిచింది. చీలికలు, రెండు మీటర్లు, మీట. ఆమెకు తెలిసిన మాటల్లో ఒక్కటీ ఆ చేలో నిలబడి చెప్పగలిగేది కాదు. సాయం కోసం మాస్టారి వైపు తిరిగింది.

ఆయన అర్జీని అట్ట మీద పెట్టి, కలంతో సహా ఆమెకి అందించారు. ముందుగా హైమ మిషను అన్న మాట కొట్టేసి, దాని పైన తన పేరు రాసింది. రాసినదాన్ని సన్యాసమ్మకి చదివి వినిపించింది. తర్వాత సాక్షి చోట సంతకం పెట్టింది. రెండు చోట్లా ఒకే పేరు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. సచివాలయం మూసేలోపల ఇచ్చెయ్యాలని కర్ర అందుకున్నారు. హైమ కూడా ఆయన వెంట బయల్దేరబోయింది. ఆయన చేత్తో ఆపారు.

"అర్జీ నేనిస్తాను. నువ్వుండు. ఆవిడ నిన్నొక మాట అడిగింది."