ఏరు నిండొద్దనుకున్న బొమ్మలాటగాడు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా. కోటలూ కందకాలూ, కత్తి కట్టుకోనిదే గడప దాటని మనుషులూ ఉన్న కాలం. అప్పుడు చిప్పలకోట అని ఒక ఊరు, ఊరి పక్కన ఒక ఏరు. ఊ కొట్టండి మరి! లేకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంటుంది నాకు. తారకం, ఆ దుప్పటి చెల్లెలి మీదకి కూడా లాగు. ఆఁ, అలాగ.

ఆ ఊళ్ళో కొమరప్ప అని తోలుబొమ్మలాట ఆడించే ముసలాయన ఉండేవాడు. మీకు టీవీలో బొమ్మలు గెంతుతాయే, ఒకడి నెత్తి మీద ఒకడు మొత్తితే మీరు అన్నం తినడం మానేసి పొట్ట పట్టుకుని నవ్వుతారే, అలాంటివి ఆ రోజుల్లోనూ ఉండేవి. మేకతోలు నానబెట్టి, గీకి గీకి పల్చగా చేసి, రంగులు పూసి, వెదురుబద్ద కట్టి, తెల్లటి తెర వెనక ఆముదం దీపాలు పెట్టి ఆడించేవాళ్ళు.

తెర మీద దేవుళ్ళ కథ నడుస్తుంటుంది. నడుమ నడుమ బుర్రిగాడూ, వాడి పెళ్ళాం సింగారీ రావాలి. బుర్రిగాడికి కుండంత బొజ్జ, గింజంత బుర్ర. సింగారి చేతిలో చీపురుకట్ట. వాడు ఏదో తెలివితక్కువ పని చేస్తాడు, ఆవిడ చీపురు తిరగేస్తుంది, జనం విరగబడి నవ్వుతారు. నవ్వు లేని ఆట ఉప్పు లేని కూడు, అలాంటి ఆటకి ఫలం రాదని వాళ్ళ నమ్మకం.

బుర్రిగాడికి గొంతు కొమరప్పది. సింగారికి గొంతు కొమరప్ప పెళ్ళాం నాగసానిది. ముప్పై ఏళ్ళు అలా ఆడారు. ఇంట్లో మాత్రం ఒక్క నాడూ పోట్లాడుకోలేదట. కూరలో ఉప్పెక్కువైందనుకోండి, కొమరప్ప నోరెత్తకుండా తినేసి, సాయంత్రం బుర్రిగాడి చేత అనిపించేవాడు. నాగసాని సింగారి చేత నాలుగు తగిలించేది. ఇంక ఇంటికి మోసుకెళ్ళడానికి తగువేం మిగులుతుంది? మీ అమ్మకీ నాన్నకీ చెప్పాలి ఈ ముక్క.

అలాంటి నాగసాని మాఘమాసంలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

వాళ్ళ కులంలో ఒక కట్టుబాటు ఉంది. చిరిగిన బొమ్మనైనా, గొంతిచ్చిన మనిషి పోయిన బొమ్మనైనా పారెయ్యకూడదు, కాల్చకూడదు. పసుపూ కుంకుమా పెట్టి, పారే నీళ్ళలో వదిలి, ఇంట్లో మనిషి పోయినట్టు తల మీద నీళ్ళు పోసుకోవాలి. పాతది నీళ్ళపాలు కాకుండా దాని చోట కొత్త బొమ్మ కొయ్యకూడదు.

కొమరప్ప ఇవాళ వదులుతా, రేపు వదులుతా అంటూ నెల గడిపాడు. ఈలోగా ఎండలు ముదిరి ఏరు ఎండిపోయింది. ఇంకేముంది, పారే నీళ్ళేవీ, ఎక్కడ వదలను అన్నాడు. సింగారిని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి తలుపేసుకుని, ఆ బొమ్మని తీసి దీపం ముందు పట్టుకునేవాడు. మోచేతి దగ్గర కుట్టు ఊడింది, ముక్కు దగ్గర రంగు పోయింది. అయినా నాగసాని మాటలు ఆ తోలుకి పట్టుకుని ఉన్నాయని ఆయన ఆశ. ఉంటాయా? ఉండవు. ఆయనకీ తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదర్రా, దానికి ముక్కుతాడు లేదు.

ఆ ఏడు వాన రాలేదు. ఊ కొడుతున్నారా? వాన లేక ఏరెండింది, ఏరెండి గడ్డెండింది, గడ్డెండి ఆవెండింది, ఆవెండి పాలెండాయి, పాలెండి పిల్లల నోళ్ళెండాయి.

రాజు పేరు ఎర్రభూపతి. మంచివాడే, బుర్ర మాత్రం తడిసిన కట్టెలా అంటుకునేది కాదు. కప్పలకి పెళ్ళి చేయించాడు. మొదటి కప్పలు పారిపోతే ఇంకో జతకి మళ్ళీ భోజనాలు పెట్టించాడు. మేఘాలు భయపడి కురుస్తాయేమోనని బురుజెక్కి కత్తి ఝళిపించాడట! మబ్బు రాలేదు సరికదా, రాజుకి మెడ పట్టేసింది. చివరికి పెద్దవాళ్ళు చెప్పారు, బొమ్మలాట పూర్తిగా ఆడిస్తే వాన పడుతుందని. రాజు కొమరప్పని పిలిపించి ఆడమన్నాడు.

కొమరప్ప చేతులు కట్టుకుని చెప్పాడు. సింగారి లేనిదే నవ్వు లేదు దొరా. నవ్వు లేనిదే ఆట నిండదు. ఆట నిండనిదే వాన రాదు. వాన రానిదే ఏరు పారదు. ఏరు పారనిదే పాత సింగారిని వదలకూడదు. వదలనిదే కొత్త సింగారిని కొయ్యకూడదు. సింగారి లేనిదే నవ్వు లేదు. రాజు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ, తిరిగి మొదటి వేలికే వచ్చి, తల గోక్కుని, నిజమే కదా అని పంపించేశాడట.

నవ్వకండర్రా. ఊరంతా పొద్దున లేచి మబ్బుందా అని ఆశగా చూస్తుంటే, కొమరప్ప ఒక్కడే మబ్బొచ్చిందేమోనని భయంతో చూసేవాడు. వాన పడితే ఏరొస్తుంది. ఏరొస్తే సింగారి పోతుంది. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకునేవాడు. మర్నాడు మళ్ళీ అలాగే చూసేవాడు.

ఇదంతా కనిపెట్టింది ఆయన కోడలు ఓబులమ్మ. గట్టి పిల్ల. తెర వెనక అత్త పక్కన ఆరేళ్ళు కంచుతాళాలు వాయిస్తూ, సింగారి మాటలన్నీ నోటికి పట్టేసింది. పాత బొమ్మతోనే ఒక్కసారి నేనాడతాను మామా అని అడిగింది. ఆ బొమ్మ నోట ఇంకొకరి గొంతు వినను గాక వినను అన్నాడు కొమరప్ప. ఓబులమ్మ ఏడు నెలల కొడుకుని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, ఏటి ఇసకలో చెలమ తవ్వుకోవడానికి కడవెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్లాడు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక, తాత వేలు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టాడు. నోట్లో తడి లేదు. నాలుక గరుగ్గా తగిలింది కొమరప్ప వేలికి. తల్లి దగ్గర పాలెండిపోయాయని అప్పుడు తెలిసింది ఆయనకి. ఇంతమంది పిల్లల నోళ్ళెండాయని ఊరంతా మొత్తుకుంటుంటే చెవికెక్కలేదు, తన ఒళ్ళో పిల్లాడి దాకా వస్తేగానీ ఎక్కలేదు. మనుషులంతేనర్రా, చెప్పుకుంటే సిగ్గు.

ఓబులమ్మ కడవ అడుగున కాసిని నీళ్ళతో తిరిగొచ్చేసరికి కొమరప్ప మొలతాడుకి తాళంచెవి లేదు. గడప మీద పెట్టి ఉంది.

ఆ సాయంత్రమే తెర కట్టారు. రాజు, సైన్యం, చాకలి, మంగలి, అందరూ వచ్చి కూర్చున్నారు. కొమరప్ప కొడుకు, ఓబులమ్మ మొగుడు సిద్దప్ప మద్దెల వాయించాడు. దేవుళ్ళ కథ సగానికి వచ్చింది. బుర్రిగాడు బొజ్జ ఊపుకుంటూ వచ్చాడు. అటు నుంచి సింగారి వచ్చి, ఓరి నా దిష్టిబొమ్మ మొగుడా అని ఒక్క కేక వేసింది.

అచ్చం నాగసాని గొంతు!

బుర్రిగాడు అనవలసిన మాట ఒకటుంది, ముప్పై ఏళ్ళుగా అంటున్నదే. అది కొమరప్ప నోటికి రాలేదు. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?" అని అడిగాడు.

మద్దెల ఆగిపోయింది. ఓబులమ్మకి తెలిసిపోయింది, అడుగుతున్నది బుర్రిగాడు కాదని. చీపురెత్తి బుర్రిగాడి నెత్తిన ఒకటేసి, "నేనెక్కడికి పోయానూ! పెట్టెలో పెట్టి తాళమేసింది నువ్వే కదరా సచ్చినోడా!" అంది.

జనం గొల్లుమన్నారు. రాజు కిరీటం ఊడి పడింది. తెర మీద బుర్రిగాడి బొజ్జ గడగడా వణుకుతుంటే, ఎంత బాగా ఆడిస్తున్నాడో ముసలాడు అని ఒకళ్ళనొకళ్ళు చరుచుకుని నవ్వారు. తెర వెనక కొమరప్ప వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఓబులమ్మ కూడా ఏడుస్తూనే చీపురుతో కొడుతోంది. దెబ్బ పడిన కొద్దీ బయట నవ్వు, లోపల ఏడుపు.

ఆట నిండింది. మూడో నాడు వాన దిగింది చూడండీ, కుండపోత! వానొచ్చి ఏరు నిండింది, ఏరు నిండి గడ్డి మొలిచింది, గడ్డి మేసి ఆవు పాలు చేపింది, పాలు తాగి పిల్లల నోళ్ళు తడిశాయి. రాజు వానలో గంతులేసి జారిపడ్డాడు.

వాన వెలిశాక, కొమరప్ప చేటలో సింగారిని పెట్టుకుని ఏటికి వెళ్ళాడు. పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. అంతే, ఇంక చెయ్యి రాలేదు. పొద్దు తిరిగినా అలాగే నిలబడ్డాడు. ఓబులమ్మ వెతుక్కుంటూ వచ్చి, వదలలేకపోతే నేను వదులుతాను మామా అంది.

"అది కాదు తల్లీ," అన్నాడు. "మీ అత్తకి నీళ్ళంటే భయం. మోకాటి లోతు వాగు దాటాలన్నా నా భుజం వదిలేది కాదు."

కొమరప్ప బొమ్మని భుజానికి ఆనించుకుని నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ లోతు, మొల లోతు, రొమ్ము లోతు. ఏటి వాలుకి దాంతో పాటే కొంత దూరం నడిచాడు, భయం లేదు భయం లేదు అని చెప్పుకుంటూ. కాలికి నేల అందడం మానేసే చోట, చెయ్యి వదిలాడు.

తరవాత అందరూ బాగానే ఉన్నారు. కొమరప్ప కొత్త సింగారిని కోశాడు, ఓబులమ్మ గొంతిచ్చింది, మామాకోడళ్ళ ఆటకి ఏడూళ్ళ జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. పిల్లాడు బుర్రిగాడిలా బొద్దుగా తయారయ్యాడు. ఏడుపొస్తే ఏడవాలర్రా, తప్పేం లేదు. కానీ మన ఏడుపు కోసం ఊరి మీద వాన పడొద్దని కోరుకోకూడదు.

ఏమే వసంతీ, ముక్కు ఎగబీలుస్తున్నావు? బొమ్మకి భయమెయ్యలేదులేవే. పక్కన ఆయన నడిచాడుగా. ఇంక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.